పట్టా, పర్మిటు, పోర్టలు

2015 ఏప్రిల్ దాకా మన దేశంలో ఆవకాయ కూడా సర్కారు కాపలాలో ఉన్న పరిశ్రమే. ఇంట్లో జాడీకి పెట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. అదే ఓ పచ్చళ్ల కంపెనీ తెరిచి, పెద్ద యంత్రాలు కొని, నాలుగు రాష్ట్రాలకు సరుకు పంపాలనుకుంటే మాత్రం చట్టం అడ్డుపడేది. పచ్చళ్లు, చట్నీలు చిన్న పరిశ్రమలకే కేటాయించిన జాబితాలో ఉండేవి. యంత్రాల మీద పెట్టుబడి ప్రభుత్వం గీసిన గీత దాటితే, తయారైన దాంట్లో సగం ఎగుమతి చేస్తానని రాసిచ్చి లైసెన్సు తెచ్చుకోవాలి. 1967లో 47 వస్తువులతో మొదలైన ఆ జాబితా ఓ దశలో 800 దాటింది. ఒక్కొక్కటే తీసేయగా చివరికి మిగిలిన ఇరవైలో పచ్చళ్లతోపాటు వేరుశనగ నూనె, అగ్గిపెట్టెలు, అగరొత్తులు, గాజులు, బీరువాలు, తాళంకప్పలు ఉన్నాయి. తాళంకప్పలకే తాళం వేసిన ఘనత మనది.

ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. పెద్ద కంపెనీ దెబ్బకు చిన్నవాడు చితికిపోకూడదనే కదా. కానీ గుంటూరులోనో రాజమండ్రిలోనో వ్యాపారం బాగా సాగుతున్న పచ్చళ్లాయనకు ఆ చట్టం చెప్పిందేమిటి? చిన్నవాడిగా ఉన్నంతకాలమే నీకు రక్షణ, ఎదిగావో రక్షణ పోతుంది. ఇక ఎదగడం ఎందుకని చాలామంది అక్కడే ఆగిపోయారు. లేదంటే అన్న పేర ఒక యూనిట్, తమ్ముడి పేర ఒక యూనిట్, బావమరిది పేర మరొకటి పెట్టి, లెక్కల్లో చిన్నవాళ్లుగానే కొనసాగారు.

ఆస్తి మీదా వ్యాపారం మీదా ప్రభుత్వం చెయ్యి వేసిన ప్రతిసారీ చెప్పిన కారణం బలహీనుణ్ని కాపాడటమే. రెండు వందల ఏళ్ల దస్తరం తిరగేస్తే ఆ చెయ్యి బరువు ఎక్కువగా పడింది ఆ బలహీనుడి మీదేనని నా అభిప్రాయం. బలవంతుడికి వకీలుంటాడు, ఢిల్లీలో మనిషి ఉంటాడు, ఆగగలిగే ఓపిక ఉంటుంది. ఈ కథను తెలుగు నేల మీద నిలబడి చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆస్తిహక్కు కోసం పార్టీకి అధ్యక్షుడైనవాడు, న్యాయపీఠం నుంచి దానికి కాపుగాసినవాడు, భూపరిమితి చట్టం తెచ్చి కుర్చీ పోగొట్టుకున్నవాడు, చివరికి లైసెన్సులు ఎత్తేసినవాడు అందరూ మనవాళ్లే.

తెలుగు రైతు చేతికి పట్టా రావడం దగ్గర మొదలుపెట్టాలి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఏడేళ్లు ఉన్నాడు. అటు సర్కారు జిల్లాల్లో 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందార్లను నిలబెడుతుంటే, ఇటు మన్రో మధ్యవర్తి లేకుండా రైతుతోనే లెక్క తేల్చుకునే రైత్వారీ కోసం పట్టుబట్టాడు. పొలం కొలిపించి, శిస్తు కట్టి, రైతు పేరు రాసి పట్టా చేతిలో పెట్టే పద్ధతి అది. 1820లో మద్రాసు గవర్నరయ్యాక దాన్నే ప్రెసిడెన్సీలో చాలా భాగానికి విస్తరించాడు. 1827లో పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే జనం ఆయన్ని ఎలా తలుచుకున్నారో తెలుస్తుంది.

అయితే పట్టా ఇచ్చిన చేత్తోనే శిస్తు కూడా వేశారు. అది ఎంత బరువంటే, మొదటి దశాబ్దాల్లో చాలాచోట్ల పొలానికి అమ్మకపు విలువే ఉండేది కాదు. పండిందంతా శిస్తుకే పోయే భూమిని ఎవరు కొంటారు? కాగితం మీద పేరుండటం వేరు, ఆస్తి ఉండటం వేరు అని మన రైతు అప్పుడే నేర్చుకున్నాడు.

తెలుగునాట స్వాతంత్ర్య పోరాటాన్ని మనం జాతీయగీతాలతో, ఖద్దరుతో గుర్తుపెట్టుకుంటాం. కానీ ఊళ్లలో అది రాజుకున్నది పన్నుల మీదా పర్మిట్ల మీదా. 1879లో రంప మన్యం తిరగబడటానికి ఒక కారణం గీసుకుని తాగే కల్లు మీద వేసిన చిగురుపన్ను. 1921లో పల్నాడులో గొడవ పుల్లరి గురించి, అంటే అడవిలో పశువు మేసే గడ్డికి కట్టాల్సిన రుసుము గురించి. ఆ ఉద్యమంలోనే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తూటాలకు బలయ్యాడు. చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలి రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. 1930లో ప్రకాశం పంతులుగారు దేవరంపాడులో శిబిరం పెట్టింది ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యాన్ని ధిక్కరించడానికి. గడ్డి, కల్లు, ఉప్పు, ఇంటిపన్ను. వీటి మీద పోరాడిన తరమే అధికారంలోకి వచ్చాక సిమెంటుకు, చక్కెరకు, బంగారానికి, బియ్యానికి పర్మిట్లు రాసింది. ఈ మలుపును మన చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు.

నిజాం రాజ్యంలోనూ ఇదే వరస. తెలంగాణ సాయుధ పోరాటం అనగానే వెట్టి, దొరల గడీలు గుర్తొస్తాయి. న్యాయమే. దాని పక్కనే లెవీ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సర్కారు రైతుల దగ్గర నిర్ణీత ధరకు నిర్బంధంగా ధాన్యం సేకరించింది. దేశ్‌ముఖులు, పటేళ్లు లెక్కలు తారుమారు చేసి తప్పించుకుంటే, రెండెకరాలవాడి గాదె ఖాళీ అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలిచి కాపాడుకున్నది తాను కౌలుకు చేసిన పొలంలో పండిన పంటను. నా చెమటతో పండింది నాది అన్న ఆ మాటను ఆస్తిహక్కు అనడానికి కమ్యూనిస్టు మిత్రులు ఒప్పుకోకపోవచ్చు. నాకు మాత్రం అంతకన్న మంచి నిర్వచనం ఎక్కడా దొరకలేదు.

యుద్ధం మనకు మిగిల్చిన అసలు ఆస్తి కంట్రోళ్లు. దిగుమతుల మీద 1940లో, కంపెనీల మూలధన సేకరణ మీద 1943లో అదుపు పెట్టారు. రేషను కార్డూ అప్పటిదే. యుద్ధం 1945లో ముగిసింది, కంట్రోళ్లు ముగియలేదు. 1946లో వచ్చిన నిత్యావసర సరఫరాల చట్టం పేరులోనే ‘తాత్కాలిక అధికారాలు’ అని ఉండేది. ఆ తాత్కాలికమే 1955లో నిత్యావసర సరుకుల చట్టంగా స్థిరపడి నేటికీ బతికే ఉంది. మధ్యలో ఒకసారి, గాంధీజీ గట్టిగా చెప్పడంతో, 1947 డిసెంబరులో ఆహార ధాన్యాల మీద కంట్రోలు సడలించారు. ధరలు ఎగబాకాయి. 1948లో మళ్లీ బిగించారు. ఈ సంగతి దాచిపెట్టి స్వేచ్ఛా మార్కెట్ గురించి వాదించడం నిజాయతీ అనిపించుకోదు. సరుకే లేనప్పుడు తాళం తీసినంత మాత్రాన గాదె నిండదు.

కానీ 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా వచ్చిన రాజాజీ ఆ పనిని ధైర్యంగా మళ్లీ చేశారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. జూన్‌లో రేషనింగు ఎత్తేశారు, జిల్లాల మధ్య బియ్యం కదలిక మీద ఆంక్షలు తీసేశారు. బియ్యం మాయమైపోతాయని అధికారులు భయపెట్టారు. జరిగింది వేరు, దాచిన బియ్యం బయటికొచ్చాయి. కేంద్రంలో ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ ఆ దారే పట్టి ఒకటిరెండేళ్లలో దేశమంతటా కంట్రోళ్లు సడలించారు. ఇంత స్పష్టమైన పాఠం మళ్లీ మరిచిపోవడానికి పన్నెండేళ్లు కూడా పట్టలేదు. 1964లో ఒక్కో రాష్ట్రాన్నీ ఒక్కో ఆహార జోన్ చేశారు. తడ దాటితే బియ్యం దొంగ సరుకు. కృష్ణా డెల్టా రైతు ధాన్యానికి పక్క రాష్ట్రంలో మంచి ధర ఉన్నా, అక్కడికి తీసుకెళ్లడం నేరం. ఆపైన మిల్లులో ఆడిన బియ్యంలో లెవీ, మన రాష్ట్రంలో అది 75 శాతం దాకా వెళ్లింది. మిల్లరు తన నష్టాన్ని రైతుకిచ్చే ధరలో తగ్గించుకునేవాడు. లెవీ పద్ధతి పూర్తిగా పోయింది 2015లో. అంటే రైతు పేరు చెప్పి ప్రమాణం చేయని నాయకుడు లేని రాష్ట్రంలో రైతు మీద ఈ కనిపించని పన్ను అర్ధశతాబ్దం నడిచింది.

ఇక పరిశ్రమల సంగతి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద ఫ్యాక్టరీ పెట్టడానికి, ఉన్నదాన్ని పెంచడానికి, కొత్త వస్తువు తయారుచేయడానికి ఢిల్లీ లైసెన్సు కావాలి. ఏ ఊళ్లో పెట్టాలో, ఎన్ని టన్నులు తీయాలో అందులోనే రాసి ఉంటుంది. రాసినదానికన్నా ఎక్కువ తయారుచేస్తే అది శ్రమకు మెచ్చుకోలు కాదు, ఉల్లంఘన. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం 17 రంగాలను ప్రభుత్వానికే అట్టిపెట్టింది. 1969 గుత్తసంస్థల చట్టం 20 కోట్ల ఆస్తి దాటిన సంస్థలు విస్తరించాలంటే మరో గుమ్మం ఎక్కమంది. ఆదాయప్పన్ను పై శ్లాబు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతానికి చేరింది. వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగిలే చోట వంద చూపించేవాడెవడు?

ఇదంతా పారిశ్రామికవేత్తల నోట్లో మట్టి కొట్టి తెచ్చారనుకుంటే పొరపాటు. టాటా, బిర్లా తదితరులు 1944లో రాసిన బొంబాయి ప్లానే ప్రభుత్వం ఆర్థిక వ్యవస్థను నడిపించాలని అడిగింది. లైసెన్సు వచ్చాక దాని రుచి వాళ్లకే ముందు తెలిసింది. 1967లో ఆర్.కె. హజారీ ప్రణాళికా సంఘానికి ఇచ్చిన నివేదికలో తేలిందేమిటంటే, పెద్ద వ్యాపార కుటుంబాలు, ముఖ్యంగా బిర్లాలు, వాడినా వాడకపోయినా లైసెన్సులు ముందే గుంపుగా తీసిపెట్టుకుని ఇతరులకు దారి మూసేశారు. గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి పుట్టిన లైసెన్సు గుత్తాధిపత్యానికి ప్రహరీగోడ అయింది. స్వేచ్ఛా మార్కెట్‌కు మొదటి శత్రువు సోషలిస్టు అనుకుంటాం కానీ, తనకొక్కడికే అనుమతి దొరికిన వ్యాపారి అంతకన్న పెద్ద శత్రువు.

లైసెన్సు దెబ్బ ఊరి వీధిలో ఎలా తగిలిందో చూడాలంటే కంసాలి కొట్టు దగ్గర ఆగాలి. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకద్రవ్యం కరువై, బంగారం దొంగరవాణాను ఆపాలని ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో బంగారం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చారు. ఇకమీదట నగ 14 క్యారెట్లకు మించి చేయకూడదు. మన ఇళ్లలో నగంటే 22 క్యారెట్లు. పద్నాలుగంటే రాగి, వెండి పాలు బాగా కలిసిన గట్టి లోహం. కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంట తిప్పుతూ, సుతారంగా తీగ సాగదీసే చేతికి అది లొంగదు. రంగు కూడా వెలవెలబోతుంది. పెళ్లికూతురి మెళ్లో పుస్తెలు అలాంటి బంగారంతో చేయించుకోవడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? గిరాకీ రాత్రికి రాత్రి పడిపోయింది. దేశమంతటా లక్షల స్వర్ణకార కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆత్మహత్యల వార్తలు పార్లమెంటులో చర్చకొచ్చాయి. 14 క్యారెట్ల నిబంధన 1966లో తీసేశారు కానీ, 1968లో పూర్తి చట్టమే చేశారు. చిన్న కంసాలికి కూడా సర్టిఫికెట్టు, దగ్గర ఉంచుకోగల బంగారానికి పరిమితి, రాయాల్సిన రిజిస్టర్లు. చదువు అంతంతమాత్రంగా ఉన్న మనిషి నగిషీ చెక్కడం మానేసి పద్దులు రాయాల్సి వచ్చింది. దొంగరవాణా తగ్గిందా అంటే, సముద్రం మీద వచ్చే బిస్కెట్లు ఆ రోజుల్లోనే సినిమా కథలకు ముడిసరుకయ్యాయి. 1990లో చట్టాన్ని రద్దుచేశారు. ఈలోగా ఆ వృత్తి వదిలేసిన కుటుంబాలు మళ్లీ కుంపటి వెలిగించలేదు.

సిమెంటుదీ అంతే. ఇంటికి నాలుగు గోడలు లేపాలంటే తాసీల్దారు సంతకం ఉన్న పర్మిటు, దాంతోపాటు ఇన్ని బస్తాలే ఎందుకో చెప్పే అర్జీ. పర్మిటు సిమెంటుకు ఒక ధర, బ్లాకులో ఇంకో ధర. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేశారు. నల్గొండ, కడప సున్నపురాయి నేలల్లో వరసగా ఫ్యాక్టరీలు లేచాయి. ఈనాటి కుర్రాడికి సిమెంటు కోసం పైరవీ చేసేవాళ్లని చెబితే నవ్వుతాడు.

ఈ పోకడను మొదట్లోనే గట్టిగా ఎదిరించిన తెలుగువాడు గోగినేని రంగనాయకులు, అంటే మన ఎన్.జి. రంగా. ఆయన్ని జమీందార్ల మనిషి అనడానికి వీల్లేదు. ముప్ఫైలలో జమీందారీ రైతుల్ని కూడగట్టి పోరాడినవాడు. 1948లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఆయన జీవితకాలపు కోరిక. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయమే దేశానికి దారి అని తీర్మానించినప్పుడు ఆయన తిరగబడ్డారు. జమీందారు చేతిలోంచి రైతు చేతికి వచ్చిన భూమిని సహకార సంఘం గుమాస్తా చేతిలో పెట్టడానికా ఇన్నాళ్లు కొట్లాడింది? రంగా ఆలోచనలో ఈ రెండు పోరాటాలూ ఒకటే. దున్నేవాడి భూమి దున్నేవాడికే ఉండాలి, అది దొర తీసుకున్నా తప్పే, సర్కారు తీసుకున్నా తప్పే. కాంగ్రెస్ వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. లైసెన్సు-పర్మిటు-కోటా రాజ్ అన్న మాటను రాజాజీ జనం నాలుక మీదికి తెచ్చారు. 1962లో 18, 1967లో 44 లోక్‌సభ స్థానాలు గెలిచిన ఆ పార్టీని మహారాజుల పార్టీ, మిల్లు యజమానుల పార్టీ అని ఎగతాళి చేశారు. సంస్థానాధీశులు అందులో ఉన్నమాట నిజమే. ఆ మాట రంగా చెప్పిన రైతు వాదాన్ని కప్పేసింది. డెబ్భైలలో ఆయన తిరిగి కాంగ్రెస్ గూటికే చేరారు.

రాజ్యాంగంలో మొదట ఆస్తి ప్రాథమిక హక్కు. 19(1)(ఎఫ్), 31 అధికరణాలు దాన్ని కాపాడేవి. 1951లో మొదటి సవరణే దానికి తూట్లు పొడిచింది. కోర్టు ముట్టుకోకూడని చట్టాలను దాచే తొమ్మిదో షెడ్యూలు అప్పుడే పుట్టింది. 1955 నాలుగో సవరణతో పరిహారం చాలిందా లేదా అని అడిగే హక్కు కోర్టులకు లేకుండా పోయింది. తెలుగు రైతుకు అసలు దెబ్బ 1964 నాటి 17వ సవరణ. ‘ఎస్టేటు’ అనే మాటలో రైత్వారీ భూములను కూడా కలిపేశారు. జమీందారు కోసం తయారుచేసిన కత్తి మన్రో పట్టాదారు మెడ మీదికి వచ్చింది. సీలింగ్ లోపు సొంతంగా సాగుచేసుకునే భూమిని తీసుకుంటే మార్కెట్ ధర ఇవ్వాలన్న ఒక్క మినహాయింపు మిగిలింది.

పంజాబ్‌లోని గోలక్‌నాథ్ కుటుంబం ఆ సవరణను సవాలు చేసింది. 1967 ఫిబ్రవరి 27న పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం 6-5 తేడాతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలిసినప్పుడు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తీర్పు ఇకముందుకే వర్తిస్తుందన్నారు కాబట్టి గోలక్‌నాథ్ కుటుంబానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. కొన్ని వారాలకే సుబ్బారావు పదవి వదిలి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం దిగీదిగగానే ఎన్నికల బరిలోకి దిగడం ఆయన తీర్పు విలువను తగ్గించిందని ఆయన్ని అభిమానించే నాకే అనిపిస్తుంది. ప్రత్యర్థులకు అడక్కుండానే ఆయుధం దొరికింది.

తర్వాతది వేగంగా సాగింది. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1970లో దాన్ని కొట్టేసిన సుప్రీంకోర్టు, వెంటనే కొత్త చట్టం, 24, 25 సవరణలు, 1973లో కేశవానంద భారతి తీర్పు. ఆ ఊపులోనే 1980లో రెండో విడతగా ఆంధ్రా బ్యాంకు కూడా సర్కారు పరమైంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో తెలుగువాళ్ల డబ్బు తెలుగువాళ్లకు అక్కరకు రావాలని పెట్టిన బ్యాంకు అది. డిపాజిట్లు 200 కోట్లు దాటడమే దాని నేరం. నలభై ఏళ్లకు, 2020 ఏప్రిల్ 1న, ఢిల్లీ నిర్ణయంతో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సొంత చేతుల్లో ఉండుంటే బతికేదని హామీ ఇవ్వలేను, ప్రైవేటు బ్యాంకులూ మునిగాయి. ఉండాలో పోవాలో చెప్పే గొంతు మాత్రం దాన్ని పెంచిన ఊళ్లకు లేకుండా పోయింది.

ఆస్తిహక్కుకు చివరి గుడ్డ కప్పిందెవరు? ఇందిర కాదు. ఎమర్జెన్సీని ఓడించి వచ్చిన జనతా ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ అవశేషాలు అందులోనే కలిశాయి, ఒకప్పటి స్వతంత్ర నాయకుడు హెచ్.ఎం. పటేల్ అందులో ఆర్థిక మంత్రి. వాళ్లు తెచ్చిన 1978 నాటి 44వ సవరణే ఆస్తిని ప్రాథమిక హక్కుల అధ్యాయం నుంచి తీసి 300ఎ అధికరణలో మామూలు చట్టబద్ధ హక్కుగా కూర్చోబెట్టింది.

ఇప్పుడు పీవీ నరసింహారావు. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణలను ఒట్టి నినాదంగా కాక పనిగా తీసుకున్నారు. 1973 చట్టం కుటుంబానికి తరి పది నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని గిరి గీసింది. పట్టణాల్లో ఖాళీ స్థలాల అమ్మకం మీద కూడా నిషేధం పెట్టారు. సొంతూరు వంగరలో తన భూములను అప్పగించారు. భూస్వాముల కోపం, ముల్కీ తీర్పు తర్వాత రగిలిన జై ఆంధ్ర ఉద్యమం కలిసి 1973 జనవరిలో ఆయన్ని దించేశాయి. చట్టం మిగిలింది. అది భూమిని పంచినదానికన్నా రికార్డులను ఎక్కువగా చెడగొట్టింది. ఉమ్మడి కుటుంబాలు కాగితం మీద విడిపోయాయి, పాలేళ్ల పేర్ల మీద పొలాలు పడ్డాయి, పాత తేదీల దస్తావేజులు పుట్టుకొచ్చాయి. ఆ బినామీ పేర్ల చిక్కుముళ్లు ఇప్పటికీ మన సివిల్ కోర్టుల్లో తిరుగుతూనే ఉన్నాయి. 1976 పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్‌లో ఖాళీ స్థలం వెయ్యి చదరపు మీటర్లకు మించకూడదంది. ఫలితంగా నగరం నడిబొడ్డున వందల ఎకరాలు వివాదంలో ముళ్లకంపలు పెంచుకుంటే, ఇళ్లు కావలసినవాళ్లు పంచాయతీ లేఅవుట్లు వెతుక్కుంటూ ఊరి చివరికి పోయారు. ఉమ్మడి రాష్ట్రం ఆ చట్టానికి సెలవిచ్చింది 2008లో.

ఆ పీవీయే 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. ఖజానాలో రెండు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకద్రవ్యం కూడా కష్టం. దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తాకట్టు వెళ్లింది. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగాన్ని దేశమంతా విన్నది. అంతకు కొన్ని గంటల ముందు పరిశ్రమల సహాయ మంత్రి సభ ముందు పెట్టిన కాగితాలను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉంది. 18 పరిశ్రమలు మినహా మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని, ప్రభుత్వానికి అట్టిపెట్టిన రంగాలు 17 నుంచి ఎనిమిదికి తగ్గాయని, గుత్తసంస్థల చట్టం ఆస్తి పరిమితి పోయిందని అందులో ఉంది. నలభై ఏళ్ల కట్టడం ఒక మధ్యాహ్నం కూలింది. పీవీ దాన్ని నెహ్రూ బాటకు కొనసాగింపుగానే చెప్పుకున్నారు. ఆ చెప్పుకోవడంలోనే ఆయన తెలివంతా ఉంది. రాజాజీ నిజం చెప్పి ఓడిపోయారు, పీవీ చెప్పకుండా పని కానిచ్చారు.

తర్వాతి కథలో ఒక పెద్ద మోసం జరిగింది. మార్కెట్‌కు స్వేచ్ఛ ఇవ్వడమంటే కంపెనీలకు భూములు ఇవ్వడం అన్నట్టు మన రాష్ట్రాలు నడిచాయి. 1894 నాటి బ్రిటిష్ భూసేకరణ చట్టాన్నే పట్టుకుని ‘ప్రజాప్రయోజనం’ పేర రైతు పొలం తీసుకుని ప్రైవేటు సంస్థకు రాసివ్వడం ఏ లెక్కన స్వేచ్ఛా మార్కెట్? అమ్మేవాడు ఒప్పుకోని బేరం బేరమే కాదు. సెజ్‌ల కాలంలో పోలేపల్లి, కాకినాడ రైతులు అడిగింది ఇదే. 2010లో సోంపేటలో, మరుసటేడు కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలకు ఎదురు తిరిగిన ఊళ్ల మీద కాల్పులు జరిగాయి. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం బాధితుల సమ్మతి కావాలంది. ఆలస్యమైనా అది మంచి మలుపు. అమరావతిలో సుమారు 34 వేల ఎకరాలు బలవంతం లేకుండా సమీకరణలో వచ్చాయన్నారు. కానీ రైతు ఒప్పందం చేసుకున్నది ప్రభుత్వంతో. ప్రభుత్వం మారగానే అవతలి పక్షం మాట మారింది. ప్రైవేటు బిల్డరు అలా చేస్తే కేసు పెడతాం.

స్వేచ్ఛావాదులు సాధారణంగా పక్కనుంచి వెళ్లిపోయే చోటు ఒకటుంది, మన్యం. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపే 1959 నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, మార్కెట్‌కు పక్కా అడ్డంకి. అయినా దాన్ని ఎత్తేయమని నేను అనలేను. ఉప్పుకూ పొగాకుకూ అప్పు రాసి పొలాలు కలిపేసుకున్న సాహుకార్ల చరిత్ర అక్కడ ఉంది. కాగితం చదవగలవాడికీ చదవలేనివాడికీ మధ్య జరిగేదాన్ని ఒప్పందం అనడానికి నోరు రాదు.

ఇప్పుడు కాగితం పోయి పోర్టల్ వచ్చింది. 2014 నాటి తెలంగాణ టీఎస్-ఐపాస్ చట్టం భారీ ప్రాజెక్టుకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతి రాకపోతే వచ్చినట్టే అనుకోమంది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన ఆలోచన. మరోపక్క ఆంధ్రప్రదేశ్‌లో 2021 నాటి జీవో 35 పంచాయతీ ఊళ్లో ఏసీ లేని సినిమా హాల్లో కింది టికెట్టు అయిదు రూపాయలని నిర్ణయించింది. టీ కన్నా సినిమా చవక. హాళ్లు మూతపడటం మొదలయ్యాక 2022లో రేట్లు సవరించారు. ఇంకా టికెట్టు ధర పెంచుకోవడానికి కోట్లు పెట్టి సినిమా తీసినవాళ్లు ముఖ్యమంత్రుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సినిమావాళ్లు ఏ పార్టీ మీదా నోరెత్తరెందుకని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ జీవోల్ని చూడాలి.

భూమి రికార్డులదీ ఇంతే. 2020 అక్టోబరులో తెలంగాణ ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే రోజు అయిపోతాయన్నారు, చాలామందికి అయ్యాయి కూడా. పేరు తప్పుపడినవాడికి, నిషేధిత జాబితాలోకి జారిపోయినవాడికి మాత్రం మండలంలో చెప్పుకునే దిక్కు లేకుండా పోయింది. 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కుల చట్టం హక్కు తగాదాను ముందుగా సివిల్ కోర్టుకు కాక అధికారి దగ్గరికి తీసుకెళ్లమనడంతో ఊరూరా గుబులు పుట్టింది. 2024 ఎన్నికల్లో అది పెద్ద అంశమై, కొత్త ప్రభుత్వం వచ్చీరాగానే దాన్ని రద్దు చేసింది. హక్కుకు ప్రభుత్వమే పూచీపడాలన్న మూల ఆలోచన మంచిదే. కానీ హక్కు తేల్చే మనిషి, ఆ భూమి మీద కన్నున్న మనిషి ఇద్దరూ ఒకే సచివాలయానికి జవాబుదారులైతే రైతుకు నిద్ర ఎలా పడుతుంది?

ఈ లెక్కలో అన్నిటికన్నా అడుగున ఉన్నవాడు అసైన్డ్ పట్టాదారు. ప్రభుత్వం పేదలకు పంచిన భూమిని 1977 చట్టం అమ్మకూడదంది. డబ్బున్నవాళ్లు కాజేస్తారన్న భయంతో చేసిన చట్టం. మిగతా రైతులు పొలం అమ్మి పిల్ల పెళ్లి చేయవచ్చు, ఆపరేషను చేయించవచ్చు, పట్నంలో కొట్టు పెట్టవచ్చు. దళితుడికిచ్చిన రెండెకరాలకు మాత్రం ఆ దారి లేదు. అవసరం పడ్డవాడు తెల్లకాగితం మీద సగం ధరకు అమ్ముకున్నాడు, కొన్నవాడు తన పలుకుబడి వాడి దాన్ని అనుభవించాడు. ఆంధ్రప్రదేశ్ 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కు ఇస్తామంది. అసలు పట్టాదారుల చేతుల్లోంచి పెద్దలు ముందే లాగేసుకున్నారన్న ఆరోపణలతో 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు నిలిపేసి విచారణకు ఆదేశించింది. అక్రమంగా కొన్నవాణ్ని పట్టుకోవాల్సిందే. దానికోసం సక్రమంగా ఉన్నవాడి సర్వే నంబరు కూడా లాక్ చేసి కూర్చోబెట్టడం ఎందుకో ఎవరూ చెప్పలేదు. తెలంగాణలో 1977 చట్టం నిషేధం ఇంకా నడుస్తూనే ఉంది.